గడువు దాటిన వాకిలి

"రంగు వేశావు, బాగానే ఉంది. క్యాలెండరేదీ?"

వీబె కేకు మీది గులాబి పూత చెదరకుండా కత్తి దించడం కంటే ఈ భూమ్మీద పెద్ద పని లేనట్టు, నాలుక కొస పళ్ళ మధ్య ఇరికించుకుని ముక్కలు కోస్తున్నాడు.

"నిన్నే! మరుగుదొడ్డి గోడ మీది పుట్టినరోజుల క్యాలెండరు. ఫిబ్రవరిలో తీశావు. మే నెల సగం అయిపోయింది. ఎక్కడ పెట్టావు?" అంది యిక్కె.

"షెడ్డులో."

"షెడ్డులో ఎక్కడ?"

"సైకిలు పంపు పక్కన అనుకుంటా. అయినా దాని గొడవ ఇవాళెందుకు? పదిన్నరకి అందరూ వచ్చేస్తారు. అమ్మకి ఎనభై నాలుగు నిండాయి. ఈ ఒక్క పూటా నవ్వు మొహంతో ఉండకూడదూ?"

"మీ అమ్మ పుట్టినరోజు క్యాలెండరు చూడకుండానే నాకు గుర్తుంది. గుర్తు లేకుండా పోయింది ఏమిటో, దాని మూలాన మన గతేమయిందో, వారం నుంచీ చూస్తూనే ఉన్నావు. అయినా నీకు నవ్వు మొహం కావాలి!"

యిక్కె చెప్పులు ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. వాన పడుతోంది. హార్లింగెన్ రేవు ఊళ్ళో వాన పడుతోందని చెప్పడం చేప తడిగా ఉందని చెప్పడమే. షెడ్డులో సైకిలు పంపు పక్కన క్యాలెండరు లేదు. లేత ఆకుపచ్చ రంగు డబ్బా కింద ఉంది, అంచు రంగు కారి అట్ట కట్టి. ఆ డబ్బా జనవరిలో, వీబె పుట్టినరోజు దాటిన నాలుగు రోజులకి వచ్చిన కానుక. రంగు డబ్బాని కానుకగా అందుకుని మురిసిపోయిన మగవాడు అతనొక్కడే అయి ఉంటాడు. మురిసిపోవడమే కాదు, పదేళ్ళుగా మేకు కొట్టమంటే కొట్టని మనిషి మూడో వారానికల్లా కుంచె పట్టుకున్నాడు.

ఆ ఇంట్లో ఏటా రావలసింది ఏదైనా ఆ క్యాలెండర్లోకి ఎక్కాల్సిందే. దాని మీద సంవత్సరం ఉండదు, వారాలుండవు, నెలకో పేజీ, రోజుకో గీత. మనిషి కూర్చుంటే కళ్ళకి ఎదురుగా అదే ఉంటుంది కనుక చూడక తప్పదు. కంప్యూటర్లో రాసుకున్నవి కంప్యూటర్లోనే నిద్రపోతాయని యిక్కె నమ్మకం. అందుకే మార్చి పేజీలో, బావమరుదుల పేర్లకీ పొరుగావిడ మనవరాలి పేరుకీ మధ్య, తొమ్మిదో తేదీ గీత మీద నీలం సిరాతో రాసుకుంది: వాకిలి.

ఆ వాకిలే ఇప్పుడు పరాయి చేతిలో ఉంది.

పదకొండేళ్ళుగా యిక్కె తన సైటులో వానకోట్ల గురించి రాస్తోంది. ఏ కోటైనా ముందు తనే తొడుక్కుంటుంది. లోపల ఒంటికి పాత వార్తాపత్రిక చుట్టుకుని, పెరట్లో తోట గొట్టం కింద పావుగంట నిలబడుతుంది. వచ్చి పత్రిక విప్పి చూస్తుంది. ఒక్క అక్షరం కారినా ఆ కోటుకి ఆమె దగ్గర చోటు లేదు. ముందొక బిడ్డనీ వెనకొక బిడ్డనీ సైకిలెక్కించుకుని బడికి తొక్కే తల్లులు, ఆ పొడి పత్రిక ఫొటో చూసుకునే కోటు కొంటారు. రాత కింద లింకు ఉంటుంది. అది నొక్కి దుకాణానికి వెళ్ళి కొంటే, లింకు తోకనున్న యిక్కె గుర్తు చూసి దుకాణం వాళ్ళు ఆమెకి కాస్త కమీషను పంపుతారు. సరుకు వాళ్ళది, మాట ఈమెది. ఆ మాట మీదే ఇల్లు గడుస్తోంది. వీబె రేవు పని మానేసి నాలుగేళ్ళయింది. మోకాలంటాడు. మోకాలే అనుకుందాం.

ఆ లింకులకి రెండు పీడలు. దుకాణం వాడు పేజీ మార్చాడంటే లింకు చచ్చినట్టే. అది బతికుంటే, దారిలో కాచుకున్న వాళ్ళు ఈమె గుర్తు చెరిపి తమ గుర్తు తగిలించుకుంటారు. రెండిటికీ విరుగుడుగా నాలుగేళ్ళ కిందట యిక్కె ఇంటర్నెట్లో ఒక చిన్న సొంత చిరునామాని వీబె పేరు మీద తీసుకుంది. నాలుగు వందల లింకులూ ముందు అక్కడికి రావాలి, అక్కణ్ణుంచి దుకాణాలకి వెళ్ళాలి. ఏ దుకాణం మారినా ఆ ఒక్కచోట సర్దుకుంటే చాలు. అదే ఆమె వాకిలి. ఏటా మార్చి తొమ్మిదిలోగా దానికి అద్దె కట్టాలి.

ఈ ఏడు కట్టలేదు. గుర్తు చేసే ఉత్తరాలు వీబె పేరు మీద వచ్చాయి. వీబె ఉత్తరాలు చదవడు. గడువు దాటిన చిరునామా నలభై రోజులు దిక్కు లేకుండా పడుంది. నలభై దాటిన వెంటనే ఎవరో ఎత్తుకుపోయారు.

ఎత్తుకుపోయిన వాళ్ళు అల్లరి చెయ్యలేదు. అదే తెలివి. కోట్లు కోట్లుగానే అమ్ముడుపోతున్నాయి, తల్లులకి అందుతున్నాయి, లింకు తోకన గుర్తు మాత్రం వేరే వాళ్ళది. మూడు వారాలపాటు, ఈ నెల అమ్మకాలు మందమని యిక్కె ఎండని తిట్టుకుంది. కిందటి వారం అసెన్ ఊరి నుంచి ఒక తల్లి రాసింది: పిల్లవాడి కోటు కోసం నొక్కితే గొడుగుల కొట్టు తెరుచుకుంది, అవి చేత్తో పట్టుకుంటేనే విరిగేలా ఉన్నాయి, ఇది మీరు మెచ్చినదేనా, అని.

మీరు మెచ్చినదేనా! ఆ ముక్క యిక్కెకి అన్నం సయించకుండా చేసింది.

తన సైటులో ఉన్న లింకులన్నీ మార్చుకుంది, మూడు రోజులు పట్టింది. కానీ నాలుగేళ్ళుగా ఇళ్ళకి పంపిన ఉత్తరాలూ, బడుల వాళ్ళు తల్లులకి పంచిన జాబితాలూ, సైకిలు కొట్ల అద్దాల మీద అంటించిన చీటీలూ ఉన్నాయి. వాటిని వెనక్కెవరు పిలుస్తారు? అవన్నీ ఆ వాకిలికే వెళతాయి. ఇవాళ గొడుగుల కొట్టు, రేపు ఏ పాడు కొట్టో. పంపింది మాత్రం యిక్కె అనే ఉంటుంది. చిరునామాలు అద్దెకిచ్చే కచేరీకి ఫోను చేస్తే, గడువు దాటాక ఎవరు ముందు తీసుకుంటే వాళ్ళదేనమ్మా, పేరు చెప్పకూడదు, అన్నారు ఎంతో మర్యాదగా.

షెడ్డులో నిలబడి యిక్కె మార్చి పేజీ తిప్పింది. తిప్పి అలాగే ఉండిపోయింది.

పదో తేదీ గీత చివర ఒక పెన్సిలు చుక్క. పదకొండు దగ్గర ఒకటి. పన్నెండు దగ్గర ఒకటి. పేజీ అడుగుదాకా వరసగా, చీమలబారులా. ఏప్రిల్ పేజీ తిప్పింది. అక్కడా ఉన్నాయి. పద్దెనిమిదో తేదీ దగ్గర ఆగిపోయాయి. వేలు పెట్టి లెక్కపెట్టింది. నలభై.

*

"చూడు!" క్యాలెండరు తెచ్చి కేకు పక్కన పరిచింది. "కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"చుక్కలు."

"చుక్కలే. నీ బుర్రకి అంతవరకు తెలిసింది, సంతోషం. ఎవరో మనింటి మరుగుదొడ్లో కూర్చుని, మన క్యాలెండరుకి వేలాడే మన పెన్సిలుతోనే, మన వాకిలికి నలభై రోజులు లెక్కపెట్టుకున్నారు. ఫిబ్రవరిలో నువ్వు దీన్ని షెడ్డులో పారేశావు కదా, అంటే అంతకు ముందే పెట్టారు. అంతకు ముందు మనింటికి జనం వచ్చింది నీ పుట్టినరోజుకి. జనవరి పంతొమ్మిదిన."

వీబె కత్తి కింద పెట్టాడు. "మనవాళ్ళే అంటావా?"

"మరి మరుగుదొడ్లోకి గాలివాటున వచ్చారా? ఆ రోజు, గడువు మీరిన చిరునామా నలభై రోజులు అనాథలా పడుంటుంది, నలభయ్యొకటో నాడు ముందు లేచిన వాడిదే రాజ్యం, అని వేలు ఊపుతూ పాఠం చెప్పిందెవరు?"

"ఎవర్ట్ బావ."

"ఆఁ. నీ చెల్లెలి మొగుడు. మహాపండితుడు."

"బావ అలాంటివాడు కాదు యిక్కా."

"మీ బావ ఎలాంటివాడో నాకు నువ్వు చెప్పాలా? కొట్టు పెట్టిన ప్రతివాడికీ సలహా అమ్ముతాడు. వాడు దివాలా తీస్తే, ఆ దివాలాకి ఒక కొత్త పేరు పెట్టి దానికీ డబ్బు అడుగుతాడు. విజిటింగు కార్డు చూశావా మీ బావది? దాన్ని గుమ్మానికి కొడితే తలుపుగా పనికొస్తుంది. అలాంటివాడికి నా వాకిలి కనపడితే వదులుతాడా?"

"పోనీ రూలీనాని పక్కకి పిలిచి అడిగితే? మొగుడి సంగతి దానికి తెలియకుండా ఉంటుందా?"

యిక్కె నవ్వింది. ఆ నవ్వు వింటే పాలు విరుగుతాయి. "ఆ తడిగుడ్డనా? మీ చెల్లెలికి ఏం తెలుసు? పిండితే నీళ్ళు వస్తాయి, మాట రాదు. ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా, ఎవరేమన్నా 'అవును' అంటుంది. వాన పడుతోందంటే అవును, పడట్లేదంటే అవును."

"నాకు చెవుడు లేదర్రా!" గోడ అవతలి నుంచి అత్తగారు చిట్స్కె గొంతు వినిపించింది. "మీరిద్దరూ కలిసి నన్ను ఇక్కడ ప్రశాంతంగా కూర్చోనిస్తారా, లేదా?"

ఆ ఇంట్లో మరుగుదొడ్డికీ వంటింటికీ మధ్య ఒంటి ఇటుక గోడ. అటు దగ్గితే ఇటు గిన్నె కదులుతుంది. వీబె పొద్దున్నే వెళ్ళి తల్లిని తీసుకొచ్చాడన్న సంగతి యిక్కె మరిచేపోయింది. గొంతు తగ్గించి మొగుణ్ణి కిటికీ దగ్గరికి లాగింది.

"విను. నేను మంగళవారం ఆ వాకిలి గుండానే దుకాణానికి వెళ్ళి ఒక వస్తువు కొన్నాను. దొంగ గుర్తు మీద కొన్నాను. ఎవరి గుర్తు మీద అమ్ముడైతే వాళ్ళకి ఏం అమ్ముడైందో జాబితా వస్తుంది. ఎవరు కొన్నారో రాదు, వస్తువు పేరు వస్తుంది. ఈ ఫ్రీస్‌లాండ్ సీమ మొత్తంలో బుద్ధున్న వాళ్ళెవరూ కొనని వస్తువు వెతికి మరీ కొన్నాను."

"ఏమిటది?"

"మీ అమ్మ కుక్కకి వానకోటు. పొడుగు కుక్కలకి కుట్టింది, ఆవపిండి రంగు, టోపీతో సహా. ఇవాళ గుండ్రంగా కూర్చున్నప్పుడు పెట్టె విప్పుతాం. గుమ్మడికాయల దొంగెవరో, భుజాలు ఎవరు తడుముకుంటారో చూద్దాం. నువ్వు మాత్రం నోరు మూసుకుని కాఫీ పొయ్యి."

వీబె తల ఊపాడు. ఆ పని అతనికి వచ్చు.

యిక్కె క్యాలెండరు తీసుకెళ్ళి, అత్తగారు బయటికొచ్చాక, ఆకుపచ్చ గోడ మీద పాత మేకుకి తగిలించింది. మార్చి పేజీ తెరిచి మరీ పెట్టింది.

*

పదిన్నరయ్యేసరికి కుర్చీలన్నీ గోడల వెంబడి గుండ్రంగా చేరాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఒకరి తర్వాత ఒకరి చెయ్యి పట్టుకుని, మీ అమ్మ పుట్టినరోజుకి అభినందనలు, మీ అత్తగారి పుట్టినరోజుకి అభినందనలు, మీ పొరుగావిడ అత్తగారికి అభినందనలు అంటూ గది చుట్టూ తిరిగారు. పొరుగింటి ఇద్దరమ్మలు కిటికీ దగ్గర సర్దుకున్నారు. చిట్స్కె ఎత్తు కుర్చీలో, ఒళ్ళో పుక్ అనే ఆ పొడుగు కుక్కతో, కొలువు తీరింది.

ఎవర్ట్ కోటు విప్పుతూనే మొదలుపెట్టాడు. "చెల్లెమ్మా! అత్తగారికి ఎనభై నాలుగు! ఏం, నీ వానకోట్ల మీద వాన కురుస్తోందా, ఎండ కాస్తోందా?"

"నీ దయ వల్ల తడుస్తున్నాం అన్నయ్యా," అంది యిక్కె.

"అలా అనకు! నీ వ్యాపారంలో లోపం ఏమిటో నేనెప్పుడో చెప్పాను. నీకు చూపు లేదు. చూపు!" అంటూ తన రెండు కళ్ళ వైపూ రెండు వేళ్ళు చూపించాడు. "ఇలా ఒక్కత్తివీ గొట్టం కింద నిలబడి తడిస్తే ఎన్నాళ్ళు? మొన్న ఒక చెప్పుల కంపెనీ వాళ్ళకి చెప్పా..."

"వాళ్ళు ఉన్నారా ఇంకా?" అంది చిట్స్కె.

"మార్పు దశలో ఉన్నారు అత్తయ్యా."

"అయ్యో పాపం," అంది ముసలావిడ, కుక్క చెవి నిమురుతూ.

రూలీనా మొగుడి వెనకే వచ్చి, తలుపు పక్కన ఎత్తు తక్కువ పీట మీద కూర్చుంది. బూడిదరంగు స్వెట్టరు, బూడిదరంగు జుట్టు. కేకు పళ్ళెం మోకాళ్ళ మీద పెట్టుకుని, పూత ఊడకుండా చెంచాతో చిన్న చిన్న ముక్కలు చేసుకుని తింటోంది. పొరుగావిడ "చలి తగ్గలేదు కదూ" అంటే "అవును" అంది. రెండో ఆవిడ "నయం, మొన్నటి కంటే వెచ్చగానే ఉంది" అంటే "అవును" అంది. యిక్కె వీబె వైపు ఓ చూపు విసిరింది: చెప్పలేదూ!

కాఫీ రెండో కప్పు కూడా అయింది. బిస్కెట్ల డబ్బా ఒకసారి చుట్టూ తిరిగి మూత పడింది. ఎవర్ట్ ఒకసారి మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాడు. యిక్కె అతని మొహం కేసి గద్దలా చూసింది. మొహంలో ఏమీ లేదు. మామూలుగానే ఏమీ లేని మొహం కనుక, దాన్నిబట్టి ఏమీ తేలలేదు.

"ఆకుపచ్చ బాగా కుదిరింది బావా! నేను చెబితే వినేవాడివి కాదు గానీ, గోడకి ఒక వ్యూహం ఉంటుంది," అన్నాడు కూర్చుంటూ.

"ఇంక ఆ పెట్టె ఇలా తెండి," అంది చిట్స్కె. "చచ్చేలోగా చూడనివ్వండి."

యిక్కె లేచి వెళ్ళి పెట్టె తెచ్చింది. దారిలోనే ఎవర్ట్ దాన్ని లాక్కున్నాడు. ప్రతి పుట్టినరోజుకీ అది అతని హక్కు: పెట్టె ఊపి, లోపలేముందో తనే ముందు చెప్పాలి. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ముక్కుతో వాసన చూశాడు.

"బల్ల మీద గుడ్డ!" అన్నాడు.

"కాదు," అంది యిక్కె. ఇంత అమాయకంగా నటిస్తాడా వీడు?

"స్నానం తువ్వాలు. కాదా? అయితే మెత్తటి... ఆఁ, దిండు గలీబు!"

"ఇటివ్వు అల్లుడూ, నీ జోస్యాన్ని నమ్ముకుంటే నేను తొంభైకి చేరతాను," అని చిట్స్కె పెట్టె లాక్కుని విప్పింది.

ఆవపిండి రంగు కోటు బయటికొచ్చింది. పొడుగ్గా, చేపల తొట్టికి కప్పే గుడ్డలా, నాలుగు కాళ్ళకి నాలుగు బొందులూ, ఒక చివర చిన్న టోపీ. గదిలో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పుక్‌కి మాత్రం అర్థమైంది. కుర్చీ కిందికి దూరింది.

"కుక్కకా!" ఎవర్ట్ తొడ చరిచాడు. "కుక్కకి వానకోటా! ఇలాంటివి కూడా కుడతారా? చెల్లెమ్మా, ఇదెక్కడ దొరికింది నీకు? దీనికి మార్కెట్టు ఉందంటావా? నిజంగా ఉందా?"

అది నటన కాదు. అంతటి నటన వస్తే ఎవర్ట్ ఎప్పుడో బాగుపడేవాడు. వాడికి ఏమీ తెలియదు. వాడివి వట్టి కోతలే, వాటి వెనక కొడవలి లేదు. యిక్కె వారం రోజులుగా పెంచుకున్న కోపం చేతిలోనే ఉండిపోయింది, విసరడానికి మనిషి లేడు.

అప్పుడు తలుపు పక్క నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది.

"అదా! కొన్నది నువ్వా వదినా?"

రూలీనా చెంచా పళ్ళెంలో పెట్టింది. "మంగళవారం నుంచీ అనుకుంటున్నా, ఇంత పిచ్చి ఎవరికి పట్టిందా అని. ఆవపిండి రంగు, మధ్య సైజు, ఒక్కటంటే ఒక్కటి."

పొరుగావిడ ఒకామె కప్పు సాసర్లో పెట్టబోయి మధ్యలో ఆపేసింది.

"నీకెలా తెలుసు?" అంది యిక్కె.

"జాబితాలో వచ్చింది."

"ఏం జాబితా? ఏం జాబితా రూలీనా?" అన్నాడు ఎవర్ట్. అటూ ఇటూ చూశాడు. మొదటిసారి, ఒక గదిలో అందరికీ తెలిసింది తనకి తెలియకుండా ఉంది. "నువ్వు కంప్యూటరు ముందు కూర్చోవు కదా?"

"మీరు నిద్రపోయే మధ్యాహ్నాలు కూర్చుంటాను," అంది ఆమె. "మీరు చెప్పేవన్నీ వింటాను కదండీ ముప్పై ఏళ్ళ నుంచి. కొన్ని పనికొచ్చాయి."

వీబె పాపం లేచాడు. "చెల్లీ, నలభై చుక్కలూ..."

"నేనే పెట్టాను అన్నయ్యా."

"మరి ఆ రంగు డబ్బా?"

"అదీ నేనే, నీ పుట్టినరోజు దాటాక పంపాను. నువ్వు రంగు వెయ్యాలంటే క్యాలెండరు తియ్యాలి. తీసింది మళ్ళీ పెట్టేవాడివి కాదు." కోపం లేకుండా, కేకు బాగుందన్నంత మామూలుగా చెప్పింది. "నిన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును."

యిక్కె ఒక్క అంగలో ఆమె ముందుకి వచ్చింది. "సిగ్గు లేదూ! నా నోటి కాడ కూడు లాక్కుని, నా ఇంట్లో కూర్చుని, నా కేకు తింటున్నావా? ఆ గొడుగుల కొట్టుకి పిల్లల తల్లుల్ని పంపావు, నా పేరు మీద! కమీషను తిన్నావు పో, నా మాట ఎందుకు పాడుచేశావు?"

"అది ఒక్క లింకే," అంది రూలీనా. "నువ్వు చూడాలని మార్చాను. మూడు వారాలు కాచుకున్నా వదినా, నీకు ఎప్పుడు కనపడుతుందా అని. నన్ను చూడనట్టే దాన్నీ చూడలేదు నువ్వు."

పళ్ళెం జాగ్రత్తగా పీట మీద పెట్టింది. లేచి, స్వెట్టరు కిందికి లాక్కుని, వసారాలోకి నడిచింది. మరుగుదొడ్డి తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది.

*

తలుపు ముందు మొదట చేరింది యిక్కె, వెనక వీబె, వాళ్ళ వెనక ఎవర్ట్. వసారా ఇరుకు. కోట్ల మీద కోట్లు వేలాడుతున్నాయి, అన్నీ తడివే.

"తలుపు తియ్యి," అంది యిక్కె.

"తీస్తాను. వాకిలి కూడా ఇచ్చేస్తాను." లోపలి గొంతు నింపాదిగా ఉంది. పెన్సిలు తాడు గోడకి రాసుకున్న చప్పుడైంది. "దాన్ని నీ పేరుకి మార్చుకునే రహస్యపు అంకెలు ఇక్కడే, మార్చి తొమ్మిది పక్కనే రాస్తున్నాను. తలుపు తీసేసరికి ఉంటాయి. చెరిపేసి కూడా తియ్యగలను."

"ఏం కావాలి నీకు? డబ్బా?"

"నీ డబ్బులో సెంటు ముట్టలేదు, అంతా అలాగే ఉంది. జనవరిలో నేను ఇక్కడ కూర్చున్నప్పుడు, నువ్వు వంటింట్లో జున్ను ముక్కలు కోస్తూ అన్నయ్యతో ఒక మాట అన్నావు. నా గురించి. గుర్తుందా?"

యిక్కెకి గుర్తుంది: తడిగుడ్డ. అది ఎన్నిసార్లు అందో మాత్రం గుర్తు లేదు.

"నాకెదురుగా ఈ క్యాలెండరు ఉంది. చేతికి అందేంత దూరంలో పెన్సిలు ఉంది. లేకపోతే ఏడ్చి ఊరుకునేదాన్నే." ఒక్క క్షణం ఆగింది. "వెళ్ళు వదినా. గదిలోకి వెళ్ళి, అందరి మధ్యా నిలబడి, నా పేరు పెట్టి ఆ మాట అను. గోడ చాటున విన్నాను. ఈసారి అందరి ఎదుటా వినాలని ఉంది. నువ్వన్నాక తలుపు తీస్తాను."

"ఏ మాట?" అన్నాడు ఎవర్ట్. "బావా, ఏ మాట? నా భార్యని ఏమన్నారు?"

వీబె కోట్ల వైపు తిరిగి, ఎవరిదో టోపీ సర్దుతున్నాడు.

"ఏ మాటో నాకు తెలుసు," గదిలోంచి చిట్స్కె అంది. "పొద్దున్న నేనూ అక్కడే కూర్చుని విన్నాను. ఆ అమ్మాయి నా కడుపున పుట్టింది. రా యిక్కా. నా ముందుకి రా. నా మొహం చూసి అను."

యిక్కె గదిలోకి వచ్చింది. గుండ్రంగా ఉన్న కుర్చీల నడుమ నిలబడింది. కిటికీ దగ్గర పొరుగమ్మలిద్దరూ కప్పులు కింద పెట్టారు. కుర్చీ కింద నుంచి పుక్ రెండు కళ్ళూ, చిట్స్కె ఒళ్ళోని ఆవపిండి రంగు టోపీ, ఆ టోపీ పైన కదలని ముసలి కళ్ళు. అన్నీ ఆమెనే చూస్తున్నాయి.

నాలుగు వందల వానకోట్ల గురించి అనర్గళంగా రాసిన మనిషి. ఏ కోటు కారుతుందో, ఏది కారదో ఒక్క మాటలో తేల్చగల మనిషి. ఆ మాట మీద ఇల్లు నిలబెట్టిన మనిషి.

నోరు తెరిచింది.

వసారాలో, గొళ్ళెం మీద రూలీనా చెయ్యి పడిన చప్పుడైంది.